తాగని ఇంట్లో కాలేయపు జబ్బు

అచ్యుతాపురం పరిసర గ్రామాల నుండి మా మదరసాకు వచ్చే స్త్రీల ప్రశ్నల్లో ఎక్కువ భాగం తహారత్‌కు, అంటే శుద్ధికి సంబంధించినవే. మూడు నెలలుగా బహిష్టు రాలేదు, వచ్చిన పిదప పదిహేను రోజులైనా ఆగలేదు, నమాజు మాట ఏమిటి, రోజాలు ఎన్ని ఖజా చేయాలి అని అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్‌లో వీటికి స్పష్టమైన సమాధానాలున్నాయి. హైజ్ కనిష్ఠంగా మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. రెండు హైజ్‌ల నడుమ శుద్ధికాలం పదిహేను రోజులకు తగ్గదు. ఆ హద్దు దాటిన రక్తస్రావం ఇస్తిహాజా. ఆ స్థితిలో నమాజు, రోజా ఆగవు. ఇంతవరకు చెప్పి పంపడం ఉపాధ్యాయులుగా మా విధి. అయితే ఇటీవలి సంవత్సరాల్లో ఇదే ప్రశ్న పదహారు, పద్దెనిమిదేళ్ల బాలికల తల్లుల నుండి పదేపదే వస్తున్నది. మసలా తేలుతున్నది గాని, ఆ బిడ్డ శరీరంలో జరుగుతున్నదేమిటో తేలడం లేదు.

హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తమకు రక్తస్రావం ఆగడం లేదని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారి సన్నిధిలో విన్నవించుకున్నప్పుడు, అది బహిష్టు కాదనీ, ఒక రక్తనాళానికి సంబంధించినదనీ వారు తెలిపిన సంగతి బుఖారీ హదీసు ద్వారా మనకు తెలిసినదే. అలవాటుగా వచ్చేది వేరు, వ్యాధి వలన వచ్చేది వేరు అన్న విభజన అక్కడే ఉన్నది. వ్యాధి అని తెలిసిన తరువాత వైద్యం వెదకడం మన బాధ్యత. ధర్మ విషయం అడిగి తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఆ చొరవ వైద్యుని ముందు కూడా మన ఆడపడుచులకు అవసరమే. మౌల్వీలకు వైద్యంతో పని ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన అమ్మమ్మల పెట్టెల్లో ఉండే ‘బిహిష్తీ జేవర్’లో ఒక భాగమంతా వైద్యానికే కేటాయించబడినదని వారికి గుర్తు చేస్తున్నాము.

ఇక రెండవ రకం ప్రశ్న. ఇది మెల్లగా, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగేది. కడుపు నొప్పి అనో, నెలసరి తప్పిందనో స్కానింగు తీయిస్తే, కాగితం మీద ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని వచ్చింది. “హజ్రత్, మా ఇంటా వంటా సారా ముట్టిన వాళ్లు లేరు. ఆడపిల్లకు లివరు జబ్బేమిటి? పెళ్లివారికి తెలిస్తే ఏమనుకుంటారు?” అని ఒక తల్లి మమ్మల్ని అడిగారు. ఆమె చేతిలోని కాగితం నాలుగు మడతలు పెట్టి ఉన్నది.

ఈ రెండు ప్రశ్నలూ చాలా సందర్భాల్లో ఒకే బిడ్డకు సంబంధించినవి. ఒకటి గర్భసంచి సంగతని, మరొకటి కాలేయం సంగతని మనం విడదీసి చూస్తున్నాము. మొదటిదాన్ని ఆడవాళ్ల సంగతి అని, రెండవదాన్ని నింద అని దాచుకుంటున్నాము. వైద్యశాస్త్రం మాత్రం ఈ రెంటికీ మూలం ఒక్కటే కావచ్చునంటున్నది.

ముందు నింద మాట తేల్చుదాము. కాలేయం చెడిందంటే తాగుడే కారణమని వైద్యులు సైతం చాలాకాలం భావించారు. తాగలేదని రోగి చెప్పినా నమ్మేవారు కారు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఇరవైమంది రోగుల వివరాలు ప్రచురించారు. వారి కాలేయాలు తాగుబోతుల కాలేయాల వలెనే ఉన్నాయి. కాని వారు తాగేవారు కారు. వ్యాధి స్త్రీలలోనే ఎక్కువగా కనబడింది. ఎక్కువమంది కొంత స్థూలకాయులు, పలువురికి మధుమేహమో, పిత్తాశయంలో రాళ్లో ఉన్నాయి. మద్యంతో సంబంధం లేని కాలేయ వాపు అని ఆ వ్యాధికి అప్పుడే పేరు పెట్టారు. అంటే ఈ వ్యాధికి పేరు వచ్చిన మొదటి దినమే అందులో తాగని స్త్రీలున్నారు.

ఆ పేరులో కూడా మద్యం ప్రస్తావన ఉండనే ఉన్నది. 2023లో 56 దేశాలకు చెందిన రెండువందల మందికి పైగా నిపుణులు సంప్రదించుకొని పేరు మార్చారు. ‘మద్యంతో సంబంధం లేని’ అన్న మాటా, ‘కొవ్వు’ అన్న మాటా రోగిని కించపరిచేవిగా ఉన్నాయని వారిలో సగం కంటే ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. ఇప్పుడు దీనిని జీవక్రియ లోపంతో కూడిన కాలేయ కొవ్వు వ్యాధి అంటున్నారు. వైద్యుల చీటీపై ‘ఎం.ఏ.ఎస్.ఎల్.డి.’ అని కనిపిస్తే అది ఇదేనని గ్రహించాలి. పేరు మార్చడం వైద్యులకే అవసరమనిపించినప్పుడు, మద్యం హరామైన మన ఇళ్లలో ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో చెప్పనక్కరలేదు. మద్యమే దీనికి కారణం కాదు గనుక, రిపోర్టు చూసి ఇంట్లో ఎవరినీ అనుమానించవద్దు. దాన్ని బీరువాలో దాచనూ వద్దు.

అసలు జరిగేదేమిటి? కిలోన్నర వరకు బరువుండే కాలేయం మన శరీరపు గోదాము వంటిది. తిన్న అన్నం, తీపి జీర్ణమై చక్కెరగా రక్తంలోకి వస్తాయి. క్లోమం నుండి వెలువడే ఇన్సులిన్ ఆ చక్కెరను కండరాల్లోకి, కాలేయంలోకి చేర్చుతుంది. రోజూ అవసరానికి మించి తిని, కండరాలకు పని తగ్గితే, నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటుంది. అప్పుడు శరీరం ఇన్సులిన్ మాట వినడం మానుతుంది. మాట వినని పిల్లవానికి ఇంకా గట్టిగా చెప్పినట్లు, క్లోమం మరింత ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. మిగిలిన చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి తనలోనే నిలువ చేసుకుంటుంది. కాలేయ కణాల్లో అయిదు శాతానికి మించి కొవ్వు చేరితే అది వ్యాధి. చాలామందిలో అది అక్కడే ఆగిపోతుంది. కొందరిలో వాపుగా మారుతుంది. వారిలో మరికొందరికి సంవత్సరాల మీద కాలేయం మచ్చలు పడి గట్టిపడుతుంది.

ఇప్పుడు అండాశయం వైపు చూద్దాము. రక్తంలో మితిమీరిన ఇన్సులిన్ కాలేయంతో ఆగదు. అండాశయాలను పురికొల్పి, స్త్రీ శరీరంలో స్వల్పంగా మాత్రమే ఉండవలసిన పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. మామూలుగా ఈ హార్మోన్లను బంధించి అదుపులో ఉంచే ఒక ప్రోటీనును కాలేయం ఉత్పత్తి చేస్తుంది. కొవ్వుతో, ఇన్సులిన్‌తో నిండిన కాలేయం దానిని తక్కువగా తయారు చేస్తుంది. అందువలన పురుష హార్మోను రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. అండం సమయానికి విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. మెడ వెనుక చర్మం నల్లబడితే, ఎంత తోమినా పోని ఆ నలుపు మురికి కాదు, ఇన్సులిన్ పని చేయడం లేదనడానికి గుర్తు. 1935లో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలలో వర్ణించిన ఈ స్థితినే నేడు పీసీఓఎస్ అంటున్నారు. మన వైపు పీసీఓడీ అన్న మాటే వాడుకలో ఉన్నది. పీసీఓఎస్ ఉన్న స్త్రీలకు కాలేయంలో కొవ్వు చేరే అవకాశం ఇతరులకంటే రెండు రెట్లకు పైగా ఉన్నట్లు అనేక అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. అంటే కాలేయమూ అండాశయమూ ఒకదాని కష్టాన్ని మరొకటి పెంచుతున్నాయన్నమాట.

ఇది లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం పొరపాటు. మన దేశస్థుల శరీరతత్వం వేరు. చేతులు, కాళ్లు సన్నగా ఉండి నడుము వద్ద మాత్రం కొవ్వు పేరుకోవడం మనలో సాధారణం. అందుకే తూకం కంటే టేపు ముఖ్యం. స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు వైద్య ప్రమాణం. పురుషునికి అది 90. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త ముప్ఫై ఏళ్లు దాటినవారి నడుము కొలిచి కాగితం మీద రాసుకునేది ఇందుకే. టేపు తీయగానే నవ్వి లోపలికి వెళ్లిపోయే స్త్రీలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. ఆమెను కూర్చోబెట్టి కొలత వేయించుకోండి.

అచ్యుతాపురం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది. పాతికేళ్ల క్రితం ఇక్కడి స్త్రీ దినచర్య పొలం, బావి, కట్టెలు, పశువులు. నేడు అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది. వేయి ఎకరాల వస్త్ర పరిశ్రమల నగరంలో వేలాదిమంది పనిచేస్తున్నారు, వారిలో అత్యధికులు స్త్రీలు. మన ఇళ్ల ఆడపిల్లలూ అందులో ఉన్నారు. హలాల్ సంపాదన, చేతిలో నాలుగు రూపాయలు, తండ్రి అప్పు తీరడం, ఇవన్నీ చిన్న విషయాలు కావు. దాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని చీకటితోనే బస్సు అందుకోవాలని ఉదయపు తిండి మానడం, పగలంతా కుట్టుమిషను ముందు ఒకే భంగిమలో కూర్చోవడం, సాయంత్రం బస్సు దిగి ఆకలితో బజ్జీలు, తీపి టీ, ఆపై రాత్రి పదింటికి కడుపు నిండా అన్నం, ఈ వరుస శరీరానికి కొత్త. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఐటీ ఉద్యోగులపై జరిపిన పరిశీలన 2025లో వెలువడింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు అధికంగా ఉన్నది. ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగికీ, మిషను ముందు కూర్చునే మన బిడ్డకూ జీతంలో పోలిక లేదు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడంలో మాత్రం ఉన్నది.

రాష్ట్రమంతటి స్థితి కూడా ఇలాగే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది స్త్రీలు అధిక బరువు లేక స్థూలకాయం కలవారు. దేశ సగటు 24 శాతం. ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికి ముందున్నందుకు సంతోషించలేము.

ఇక పెళ్లి, సంతానం. ఇక్కడే ఆడపిల్లకు ఎక్కువ అన్యాయం జరుగుతున్నది. నికాహ్ అయి రెండేళ్లయినా కడుపు పండలేదంటే కోడలి వైపే వేలు చూపడం మన సమాజంలో ఇంకా పోలేదు. తావీజులు, దర్గాలు, ఊరూరా తిరగడం, చివరకు రెండవ పెళ్లి మాట. సంతానలేమి కేసుల్లో సుమారు సగంలో పురుషుని వైపు కూడా లోపం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. భర్త వీర్య పరీక్ష సులభమైనది, ఖర్చు తక్కువైనది. అది చేయించకుండా భార్యకు వరుసగా స్కానింగులు, సూదులు వేయించడం న్యాయం కాదు. ఆమెకు పీసీఓఎస్ ఉన్నదని తేలినా, అది గొడ్రాలితనం అని అర్థం కాదు. బరువు ఎక్కువగా ఉన్న స్త్రీ తన బరువులో అయిదు శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల తిరిగి సక్రమమవుతుంది. డెబ్బై కిలోల స్త్రీకి అది మూడున్నర కిలోలు. అదే తగ్గుదల కాలేయంలోని కొవ్వునూ కరిగిస్తుంది. ఏడు నుండి పది శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా నెమ్మదిస్తుంది. సంతానం కోసం ఆమె చేసే ప్రయత్నమూ, కాలేయం కోసం చేసే ప్రయత్నమూ ఒక్కటే.

అయితే కోడలు ఒక్కతే చపాతీ తిని, మిగిలిన ఇల్లంతా డాల్డా బిర్యానీ తింటే ఆ ప్రయత్నం పది రోజులు సాగదు. అత్తగారు ఆ వంటింటికి పెద్ద. ఈ విషయంలో ఆమె నిర్ణయం వైద్యుని చీటీ కంటే బలమైనది.

గర్భం నిలిచిన తరువాత జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ముందుగానే కాలేయంలో కొవ్వు ఉన్న స్త్రీలకు గర్భకాలపు మధుమేహం, అధిక రక్తపోటు, నెలలు నిండక ముందే కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువ. మధుమేహ పరీక్ష ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 దాటితే గర్భకాలపు మధుమేహం. మొదటిసారి పేరు నమోదు చేసుకున్నప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి చేయాలి. కాన్పు తరువాత ఆరు వారాలకు మళ్లీ చేయించాలి. ఈ చివరి పరీక్షకు వెళ్లేవారు అరుదు. బిడ్డ పుట్టింది, అఖీఖా అయింది, చక్కెర పోయింది అనుకుంటారు. ఆ తల్లికి తరువాతి సంవత్సరాల్లో మధుమేహమూ, కాలేయ కొవ్వూ వచ్చే అవకాశం మిగిలే ఉంటుంది.

గర్భకాలంలో కాలేయానికి సంబంధించిన వేరే వ్యాధులు కూడా ఉన్నాయి. వాటిని స్కానింగులో కనిపించే ఈ గ్రేడ్ 1 కొవ్వుతో కలిపివేయరాదు. చివరి నెలల్లో అరుదుగా వచ్చే తీవ్రమైన కాలేయ కొవ్వు వ్యాధి ఒకటి ఉన్నది. పేరు ఒకేలా వినిపించినా అది వేరు, గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఏడవ నెల తరువాత ఆగని వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం, తీవ్రమైన తలనొప్పి, మగత కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒంటి మీద పొక్కులేవీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెట్టడం కూడా కాలేయానికి సంబంధించినదే కావచ్చు. దానికి వేపాకు రాసి ఊరుకోకండి, రక్త పరీక్ష చేయించండి.

తల్లిపాల సంగతి ఇక్కడ చెప్పడం మాకు ఎంతో సంతోషం. తల్లులు బిడ్డలకు పూర్తిగా రెండు సంవత్సరాలు పాలివ్వడం గురించి అల్ బఖరా సూరాలో 233వ ఆయతు ప్రస్తావించిన సంగతి పాఠకులకు తెలుసు. పాలు బిడ్డకు హక్కు అని మనం చెప్పుకుంటూ వచ్చాము. అమెరికాలో వేలాది యువతను దశాబ్దాల పాటు పరిశీలించిన ‘కార్డియా’ అధ్యయనంలో, ఆరు నెలలకు మించి పాలిచ్చిన తల్లుల్లో మధ్యవయసు నాటికి కాలేయ కొవ్వు తక్కువగా కనబడింది. దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పాలలో తయారయ్యే కొవ్వు, చక్కెర తల్లి శరీరం నుండే పోతాయి గదా. ఉద్యోగం చేసే తల్లికి ఇది సులభం కాదు. అందుకే ప్రసూతి సెలవు మాట వచ్చినప్పుడు, త్వరగా పనిలోకి వెళ్లమని ఇంటివారే తొందరపెట్టడం మంచిది కాదు.

మనం అంతగా పట్టించుకోని మరో విషయం గర్భసంచి తొలగింపు. తెల్లబట్ట అయినా, నెలసరిలో రక్తం ఎక్కువ పోయినా “పిల్లలు పుట్టేశారుగా, ఇక సంచి ఎందుకు, తీసేయించు” అనే మాట మన రాష్ట్రంలో ఎంత మామూలైపోయిందో అంకెలే చెబుతాయి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణ దాని వెనుకనే ఉన్నది. దేశమంతటా ఆ శస్త్రచికిత్స జరిగిన మధ్యస్థ వయసు 34 ఏళ్లు. ముప్ఫై నాలుగేళ్ల స్త్రీ అంటే ఇంకా బడికి పిల్లల్ని పంపుతున్న తల్లి. అనవసరపు తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

దీనికీ కాలేయానికీ సంబంధం ఉన్నది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను కాలేయాన్ని కొవ్వు నుండి కొంతవరకు కాపాడుతుంది. అందుకే యౌవనంలో పురుషులకంటే స్త్రీలకు ఈ వ్యాధి తక్కువ. నెలసరి ఆగిన తరువాత ఆ రక్షణ పోయి, వారితో సమానమవుతారు. సంచితోపాటు అండాశయాలనూ తీసివేస్తే ఆ రక్షణ ఒక్కరోజులో పోతుంది. అండాశయాలు ఉంచినా, వాటి పని ముందే తగ్గిపోయే అవకాశం ఉన్నది. క్యాన్సరు వంటి కారణాలకు శస్త్రచికిత్స ప్రాణం నిలుపుతుంది, దానిని వద్దనము. కాని మందులతో తగ్గే రక్తస్రావానికి సంచి తీయించుకోబోయే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో రెండవ అభిప్రాయం తీసుకోవడం, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని నోరు తెరిచి అడగడం ఆ స్త్రీ హక్కు. విశాఖలో ప్రభుత్వ విక్టోరియా స్త్రీల ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. ఘోషా అంటే పర్దా. పర్దా పాటించే స్త్రీలు కూడా సంకోచం లేకుండా వైద్యం పొందాలన్న ఆలోచన ఆ పేరులోనే ఉన్నది. పర్దా పేరు చెప్పి పరీక్షలకు వెళ్లకపోవడానికి విశాఖ ప్రాంతపు ముస్లిములకు సాకు లేదు.

పరీక్షల విషయం క్లుప్తంగా చెబుతాము. పీసీఓఎస్ ఉన్నవారు, గర్భకాలపు మధుమేహం వచ్చినవారు, నెలసరి ముందుగా ఆగినవారు, మధుమేహులు కాలేయం గురించి వైద్యుని అడగాలి. స్కానింగులో కొవ్వు కనబడితే భయపడేకంటే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు చేయించాలి. వయసుతో కలిపి వాటితో ‘ఫిబ్-4’ అనే లెక్క కడతారు. 1.3 కంటే తక్కువైతే కాలేయం గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, ఎక్కువైతే తరువాతి పరీక్షకు పంపుతారు. ముప్ఫై అయిదేళ్ల లోపువారిలో ఈ లెక్క అంత నమ్మదగినది కాదు గనుక వైద్యుని మాటే ప్రమాణం. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ వ్యాధిని మధుమేహం, రక్తపోటుతోపాటు జాతీయ కార్యక్రమంలో చేర్చింది. కనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దీని గురించి అడగడం మీ హక్కు.

తిండి విషయంలో కొత్త పథ్యాలు వెదకనక్కరలేదు. మన ఉత్తరాంధ్రలో చోడి అంబలి, గంటె అన్నం, ఉలవలు, ఆకుకూరలు, సముద్రపు చేప ఉన్నవే. అవి పేదల తిండి అని పక్కన పెట్టి మూడు పూటలా తెల్లన్నం, నాలుగుసార్లు తీపి టీ, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు సీసా మర్యాదగా మారాయి. తీపి పానీయాలలోని చక్కెర కాలేయంలో నేరుగా కొవ్వుగా మారుతుంది గనుక మొదట మానవలసింది అదే. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (సఅసం) వారి బోధను మిగిలిన పదకొండు నెలలు పక్కన పెట్టి, రమజాన్‌లో ఖుత్బాలో వింటాము. ఆ రమజాన్‌లో కూడా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద సమోసాలు, పకోడీలు, రంగు షర్బత్, ఆ తరువాత హలీం, బిర్యానీ. నెల చివర తూకం చూసుకుంటే రోజాదారు బరువు పెరిగి ఉంటాడు. రోజా కాలేయానికి మేలు చేయగలదు. అందుకు ఇఫ్తార్ మితంగా ఉండాలి. గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు హాని భయమున్నప్పుడు షరీఅత్ సడలింపు ఇచ్చింది. ఇన్సులిన్ తీసుకునేవారు షాబాన్‌లోనే వైద్యుని కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి.

నడక వారానికి 150 నిమిషాలు, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. వీధిలో నడవడానికి సంకోచించే స్త్రీలు మేడ మీదనో, ఇంటి వసారాలోనో నడవవచ్చు. ఫజర్ నమాజు తరువాత తల్లీకూతుళ్లు కలిసి నడవడం మొదలుపెట్టిన ఇళ్లు మాకు తెలుసు.

మందుల విషయంలో రెండు హెచ్చరికలు తప్పనిసరి. ‘లివరు శుభ్రపరిచే’ పొడులు, కషాయాలు, గ్రీన్ టీ సారపు మాత్రలు కొన్ని కాలేయాన్నే దెబ్బతీసిన ఉదంతాలు ఉన్నాయి. మన దేశంలో కోవిడ్ కాలంలో తిప్పతీగ అతిగా వాడినవారిలో అటువంటి కేసులు నమోదయ్యాయి. సహజమైనదంటే హాని చేయనిదని అర్థం కాదు. రెండవది, బరువు తగ్గడానికి ఇప్పుడు సూదులు వచ్చాయి. వైద్యుడు రాసి ఇచ్చినా, వాటిలో సెమాగ్లుటైడ్ వంటివి గర్భం కోరుకునే స్త్రీ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. బరువు తగ్గుతున్న కొద్దీ ఆగిన అండం తిరిగి విడుదలై, ఊహించని గర్భం రావచ్చు. అప్పుడు ఆ మందు ఒంట్లో ఉండకూడదు. వైద్యునికి ఈ కోరిక ముందుగానే తెలపాలి.

ఖర్చు గురించి అడిగేవారికి ఒక మాట. నెలజీతం 21,000 రూపాయలు మించని కార్మికులకు ఈఎస్ఐ వర్తిస్తుంది. కుట్టు పరిశ్రమలో పనిచేసే మన ఆడపిల్లలు చాలామంది ఈ పరిధిలోని వారే. ఆ కార్డుతో ఆమెకే కాక, ఆమెపై ఆధారపడిన కుటుంబానికీ వైద్యం లభిస్తుంది. 26 వారాల ప్రసూతి ప్రయోజనమూ దానిలో భాగమే. అచ్యుతాపురంలోనే ఈఎస్ఐ ఆసుపత్రికి 2024 అక్టోబరు 29న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. విశాఖలో మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి, ఘోషాసుపత్రి, కేజీహెచ్ ఉండనే ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత స్కానింగు కాగితం, గత కాన్పు నాటి చీటీలు, చివరి మూడు నెలసరుల తేదీలు రాసుకున్న కాగితం వెంట తీసుకువెళ్లండి. ఫిఖ్హ్ ప్రశ్న అడగడానికి మా వద్దకు వచ్చినా ఆ తేదీలే అడుగుతాము.